ఎనిమిది ముక్కల బెల్టు

పన్నెండేళ్లపాటు నూట ముప్పై అడుగుల ఎత్తున, గాలికి ఊగే క్రేను గదిలో కూర్చుని ఇనుప పెట్టెలు ఎత్తి దించిన మనిషి, మా ఇంట్లో మోకాలెత్తు స్టూలు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. వినేవాళ్లకు నవ్వొస్తుంది. ఇంకొకరింట్లో జరిగి ఉంటే నాకూ వచ్చేదే. కానీ ఆ స్టూలు నాది. మార్చబోయిన బల్బు నా కుట్టుమిషను మీది బల్బు. "ఇప్పుడే మార్చండి, ఈ గుడ్డి వెలుగులో కాజాలు ఎలా కుట్టను?" అని ఆయన్ను తొందరపెట్టిన నోరూ నాదే. ధబ్బుమని చప్పుడైతే వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన నేల మీద ఉన్నారు. కాలు ఇంకెవరిదో అయినట్టు పక్కకు తిరిగిపోయి ఉంది. బల్బు మాత్రం చేతిలో పదిలంగా ఉంది.

ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది గానీ మూడు నెలల మంచంతో కాలు చిక్కి సగమైపోయింది. వేసవి మొదట్లో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముక పని నేను చేశాను, కండ పని ఇక నీళ్లు చెయ్యాలి" అని ఊరి చివర వేడినీళ్ల కొలనున్న కేంద్రానికి చీటీ రాసిచ్చాడు. అదే వారం మా ఆయన పనిచేసే యార్డు నుంచి కాగితం వచ్చింది. వేసవి ఆఖరికల్లా క్రేను నిచ్చెన ఎక్కి చూపించాలి. నూట పన్నెండు మెట్లు. మనిషి సాయం ఉండకూడదు, రెండో అవకాశం లేదు. ఎక్కలేకపోతే గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకునే పని ఇస్తారు.

"గేటు దగ్గర నేను కూర్చోను" అన్నారు మా ఆయన కాగితం మడుస్తూ. అంతే. దాని గురించి మళ్లీ మాట్లాడలేదు.

"ఎండలు ఇలా మండిపోతుంటే వేడినీళ్లలో దింపడమేమిటే, మనిషిని ఉడకబెడతారా ఏమన్నా?" అన్నారు అత్తయ్య. ఆవిడకు చూపు బాగా మందగించింది గానీ, నోటికి మాత్రం ఏ మాంద్యమూ లేదు.

ఆ కొలనున్న హాలు పైకప్పు కిందికి ఉంటుంది. అద్దాల నిండా ఆవిరి. నీళ్లలో కలిపే మందు వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుంది. నీళ్లు వేడీ కాదు, చల్లనా కాదు, చెయ్యి పెడితే మన ఒంటి వెచ్చదనమే. నడవలేనివాళ్లను దించడానికి గట్టు మీద ఇనుప చెయ్యి ఒకటుంది, దానికి వేలాడుతూ ఒక కుర్చీ. ఆ పని చూసే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. అందరూ నీళ్ల టీచరమ్మ అంటారు. మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టింది.

"ఆపు, ఆపు!" అని అరిచారు మా ఆయన.

"నొప్పా?" అన్నాను.

"నొప్పి కాదే. లోడు ఊగుతుంటే దించుతారా ఎవరైనా? ముందు ఊపు ఆగనివ్వాలి. తర్వాత నిదానంగా వదలాలి. ఏదీ, ఆ హ్యాండిల్ ఇటు చూపించు."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక గట్టు పట్టుకుంది. చివరికి ఈయన చెబుతుంటే ఆ పిల్ల తిప్పింది. మా ఆయన తన్ను తానే సరుకులా జాగ్రత్తగా నీళ్లలోకి దించుకున్నారు.

దించాక జరిగింది నేను ఊహించనిది. ఇంట్లో మంచం నుంచి గుమ్మం దాకా రావడానికి నా భుజం, గోడ, కర్ర మూడూ కావలసిన మనిషి, ఛాతీ లోతు నీళ్లలో కమ్మీ వదిలేసి నడిచారు. ఒకటి, రెండు, మూడు. ఆరడుగులు. నేను బెంచీ మీంచి ఎప్పుడు లేచానో తెలియదు. ఒళ్లోని సంచి కింద పడి దారపు ఉండలన్నీ గచ్చు మీద దొర్లిపోయాయి.

"నేనేనా?" అన్నారాయన మావైపు చూసి. కళ్లు చెమ్మగిల్లాయో, నీళ్లే చిందాయో.

"మీరే అన్నా. ఆ లోతులో మనిషి బరువు పావు వంతుకు కాస్త ఎక్కువ ఉంటుందంతే, మిగతాదంతా నీళ్లు మోస్తాయి" అంది నీళ్ల టీచరమ్మ. "రోజులు గడిచే కొద్దీ ఆ బరువు మళ్లీ మీకే అప్పజెప్పాలి. అదే నా పని."

మూడు వారాలు అలా నడిచాక ఆయన్ను లోతు వైపుకు మార్చింది. అక్కడ కాళ్లకు నేల అందదు. నడుముకు తేలే బెల్టు కట్టుకుని, నిలువుగా ఉండి, నీళ్లలో పరిగెత్తాలి. కేంద్రంలో ఉన్న బెల్టులు ఈయన నడుముకు చాలలేదు. నేను బట్టలు కుడతానని తెలిసి ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, గట్టి గుడ్డతో బెల్టు ఒకటి కుట్టు. ఎనిమిది అరలు పెట్టు. ఒక్కో అరలో ఒక్కో తేలే ముక్క" అని అరచేతికన్నా కాస్త పెద్దవి, మూడు వేళ్ల మందం స్పంజి ముక్కలు ఎనిమిది ఇచ్చింది. "ప్రతి సోమవారానికీ ఒక ముక్క తీసేసి మళ్లీ కుట్టెయ్యి. అన్నకు చెప్పకు. చెబితే ఆ రోజునుంచి కాలు పని మానేస్తుంది, భయం పనిచేస్తుంది. ఎనిమిదో సోమవారం నాటికి బెల్టు ఖాళీ అవుతుంది. ఆ రోజు విప్పించేస్తాను."

కుట్టాను. దగ్గర దగ్గర కుట్లు, రెండు వరసలు. మొదటి ఆదివారం ఉదయం ఒక ముక్క తీశాను. రెండో ఆదివారం ఇంకొకటి. భుజాలు పైకి కనపడే మనిషి మెడ దాకా దిగారు. ఆ వారమంతా ఆయన రొప్పుతుంటే చూడలేక, సంచిలో దారపు ఉండలు సర్దుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ శుక్రవారం కొలను నుంచి బయటికొచ్చాక, హాలు ముందు మెట్ల దగ్గర మా ఆయన నా చెయ్యి వదిలించుకున్నారు. కమ్మీ పట్టుకుని ఒక మెట్టెక్కారు. ఇంకొకటి. ఇంకొకటి. పైనుంచి తిరిగి చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు.

"మూడయ్యాయి. ఇక నూట తొమ్మిదే!"

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన కాళ్ల కింది మెట్లు చూశాను. మోకాలెత్తు స్టూలు మీంచి పడ్డ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది, మరి ఆ క్రేను మీంచైతే?

మూడో ఆదివారం బెల్టు తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. కుట్టు విప్పలేదు. పక్క గదిలో అత్తయ్య ఉన్నారని, ఊరికే రెండు నిమిషాలు ఖాళీ మిషను తొక్కి, బెల్టు మళ్లీ కొక్కేనికి తగిలించాను. పాపం, అంత రొప్పుతున్న మనిషికి ఇంకో వారం ఊపిరి పీల్చుకునే వీలివ్వాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి మామూలుగా దుకాణానికి వెళ్లిపోయాను.

నాలుగో ఆదివారం కూడా ఇంతే. ఖాళీ మిషను తొక్కడం, తలుపు తీయడం, తొణక్కుండా బయటికి రావడం. ఆ బెల్టు వైపు చూడడమే మానేశాను. సోమవారం ఆయన నడుముకు కట్టేటప్పుడు కూడా చేతులు కట్టేవి, నేను గోడ వైపు చూసేదాన్ని.

అప్పుడు మొదలైంది అసలు భయం.

నా లెక్క ప్రకారం బెల్టులో ఆరు ముక్కలున్నాయి. ఆరుతో మెడ దాకా తేలిన మనిషి ఆరుతోనే ఉండాలి. నాలుగో సోమవారం నీళ్లు ఆయన గడ్డానికి తగిలాయి. ఐదో వారం గడ్డం మునిగింది. ఆరో వారం కింది పెదవి దాకా వచ్చాయి. ఆయన తల వెనక్కి వాల్చి, నోటితో గాలి మింగుతూ, కాళ్లు ఆడిస్తున్నారు. ఆరు ముక్కలూ మోస్తున్నా మునిగిపోతున్నారంటే, కాలు బాగుపడడం లేదు. రోజురోజుకూ చచ్చుబడుతోంది. ఇంట్లో కర్ర వదలరు, కాబట్టి నేల మీద సంగతీ నాకు తెలిసే దారి లేదు.

"బ్రహ్మాండం అన్నా!" అంటోంది గట్టు మీంచి నీళ్ల టీచరమ్మ. ఆయనకు వినపడకుండా నా చెవిలో అంది, "చూశావా అక్కా, రెండు ముక్కలతో ఎలా పరిగెత్తుతున్నాడో!"

రెండు కాదు తల్లీ, ఆరు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. చెబితే నేనేం చేశానో చెప్పాలి. ఎందుకు చేశావంటే ఏం చెప్పను? తల ఊపాను. ఇంటికొచ్చి కాలరు తిరగేసి కుట్టి, అది విప్పి మళ్లీ తిరగేసే కుట్టాను.

ఏడో వారం కూడా అలాగే గడిచింది. ఎనిమిదో సోమవారం వచ్చింది. హాల్లో ఇంకో నలుగురు ఉన్నారు. ముంజేతికి కట్టున్న డ్రైవరు, మోకాళ్ల నొప్పుల ముసలాయన, వాళ్ల తాలూకు మనుషులు. మా ఆయన లోతు వైపున ఉన్నారు. నీళ్ల టీచరమ్మ గట్టు అంచున గొంతుక్కూర్చుంది.

"ఇవాళ్టితో ఆ బెల్టు దండగ అన్నా. అందులో ఏమీ లేదు. చాలా రోజులుగా మిమ్మల్ని మోస్తున్నది మీ కాళ్లే. విప్పెయ్యండి."

ఆయన చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. లేవాలనుకుంటున్నాను, లేవలేకపోతున్నాను. బెల్టు ముడి ఊడడం కనిపించింది.

"విప్పకండి!" నా అరుపు ఆ హాలంతా తిరిగొచ్చింది. "విప్పకండి, మునిగిపోతారు! ముక్కలు నేను తియ్యలేదు! ఆరూ లోపలే ఉన్నాయి!"

అందరూ నావైపు తిరిగారు. నీళ్ల టీచరమ్మ ఒక కాలు అప్పుడే నీళ్లలో పెట్టేసింది. బెల్టు ఆయన నడుము నుంచి జారింది.

ఆరు ముక్కల బెల్టు బంతిలా పైకి తేలాలి. తేలలేదు. తడిసిన తువ్వాలులా మెల్లగా అడుగుకు పోయింది. ఆయన మాత్రం మునగలేదు. గడ్డం దాకా నీళ్లలో, అక్కడే, కాళ్లు ఆడిస్తూ నన్నే చూస్తున్నారు.

"నాకు తెలుసులే" అన్నారు.

అని, వెనక్కి తిరిగి, ఆ చివరి దాకా నీళ్లలో పరిగెత్తి, మళ్లీ వచ్చారు. మోకాళ్ల ముసలాయన "ఓరి నాయనో" అన్నాడు.

నీళ్ల టీచరమ్మ పొడుగు కొక్కెంతో బెల్టును పైకి లాగి నా కాళ్ల దగ్గర పడేసింది. అరల మీద నా కుట్లు రెండింటికే ఉన్నాయి. మిగిలిన ఆరింటి మీదా నల్లదారంతో, అడ్డదిడ్డంగా, వేలెడంత వేలెడంత కుట్లు. ఒకటి పట్టి లాగితే ఊడొచ్చింది. లోపల స్పంజి లేదు. నేను కత్తిరించి పారేసిన పేలికలు. బడిపిల్లల నీలం గుడ్డ, ఎవరింటివో కర్టెన్ల పసుపు గుడ్డ.

"నీళ్లు పీల్చిన గుడ్డలు కట్టుకుని పరిగెత్తారా అన్నా?" అంది ఆ అమ్మాయి. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక, చివరికి తిట్టింది. మాకిద్దరికీ చెరో వాటా పెట్టింది. ఆ తిట్లు నాకు సగమే చెవికెక్కాయి.

బస్‌స్టాపు బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన జుట్టు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"పన్నెండేళ్లు బరువులెత్తినవాణ్ణి. నన్నేదో ఎత్తుతుంటే, అది ఎంత ఎత్తుతోందో నాకు తెలీదా?" అన్నారు. "రెండు వారాలు తగ్గింది. మూడో వారం తగ్గలేదు. ఆ తర్వాతి ఆదివారం నువ్వు దుకాణానికి వెళ్లాక విప్పి చూశాను. ఆ రోజు రెండు ముక్కలు, అప్పట్నుంచి వారానికో ముక్క నేనే తీశాను. ఖాళీగా ఉంటే కట్టేటప్పుడు నీ చేతికి తెలిసిపోతుందని గుడ్డలు కుక్కాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్లిపోయింది. అది మాదే. ఇద్దరం లేవలేదు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు" అన్నారు. "నా కాలు బాగుపడకూడదనుకున్నావా, నేను పైకెక్కకూడదనుకున్నావా?"

జాలిపడ్డాననబోయాను. ఐదు వారాలుగా నాకు నేను చెప్పుకున్నది అదే. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పైకెక్కకూడదనుకున్నాను."

ఆ మాట విని ఆయనకన్నా నేనే ఎక్కువ అదిరిపోయాను. నా మొగుడు కుంటుతూ అయినా సరే, నా కళ్ల ముందు, నేల మీద ఉంటే చాలని ఒక వేసవంతా కోరుకున్నాను. ఆయన రొప్పుతుంటే చూడలేకపోవడమూ నిజమే, కానీ ఇది అంతకన్నా నిజం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఆ మాటే నోటితో చెప్పొచ్చుగా."

"చెబితే వినేవారా?"

ఆయన తువ్వాలుతో జుట్టు తుడుచుకున్నారు. "వినేవాణ్ణి కాదు" అన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్య గుమ్మంలోనే అందుకున్నారు. "తెలిసిపోయిందా? నాకు ముందే తెలుసు. ఖాళీ మిషను చప్పుడుకీ, గుడ్డ మీద నడిచే మిషను చప్పుడుకీ తేడా తెలీనంత చెవిటిదాన్ననుకున్నావుటే? వాడు విప్పుకుంటుంటే సూదీ దారం అందించింది నేనే. అయినా నేను కసరను. ఆ ఎత్తు తలుచుకుంటే నాకూ రాత్రిళ్లు నిద్ర పట్టదు. కన్నదాన్ని కదా."

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఆయన నాతో కోపంగా లేరు, అదే నాకు పెద్ద శిక్ష అయింది. పలకరిస్తే పలికేవారు. ఇస్తే టీ తాగేవారు. చొక్కా గుండీ ఊడితే మాత్రం నన్నడగకుండా, అదే నల్లదారంతో తనే కుట్టుకున్నారు. పదో రోజు ఉదయం బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగారు.

"నువ్వూ రా. ఎక్కేదో, పడేదో, ఏదైనా నీ కళ్లతోనే చూడు."

యార్డులో అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. పన్నెండేళ్లుగా ఆయన చెప్పగా వినడమే గానీ, ఆ క్రేను కింద నిలబడి పైకి చూడడం అదే మొదటిసారి. గది అగ్గిపెట్టెంత కనిపించింది. సూపర్‌వైజరు ఆయన నడుముకు తాడు కట్టి, ముడి లాగి చూసి, "కానివ్వు" అన్నాడు. మా ఆయన కర్ర నా చేతికిచ్చారు.

నేను లెక్కపెట్టాను. పది, ఇరవై, నలభై. ఎక్కుతున్న పద్ధతి బాగానే ఉంది. మంచి కాలు ముందు, ఆపరేషను కాలు దాని పక్కకు. అరవై దగ్గర కాసేపు ఆగారు. మళ్లీ ఎక్కారు. ఎనభై మూడో మెట్టు మీద ఆగిపోయారు. ఈసారి కదల్లేదు. అంత దూరం నుంచి కూడా ఆ కాలు వణకడం నాకు కనిపించింది. రెండు చేతులతో కమ్మీని వాటేసుకున్నారు.

సూపర్‌వైజరు చేతిలో గడియారం చూసుకున్నాడు. మంచివాడే. పైకి అరిచాడు, "చాల్లే, దిగిపో! ఇంతదాకా వచ్చావు, అదే గొప్ప!"

ఆయన కమ్మీ వదల్లేదు.

"పంతానికి పోతున్నాడు" అన్నాడతను నాతో. "మీరొక మాట పిలవండమ్మా. మీరు పిలిస్తే దిగుతాడు. గేటు దగ్గర కుర్చీ వేయించి ఉంచాను. ఇవాళ్టినుంచే కూర్చోవచ్చు."

ఆయన తల వంచి కిందికి చూశారు. నన్నే చూశారు. "దిగిరండి" అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు, మోసం కాదు, ఎవరూ తప్పుపట్టరు. వేసవంతా నేను కోరుకున్నది ఆ ఒక్క మాట దూరంలో ఉంది. ఊపిరి గట్టిగా పీల్చుకుని నోరు తెరిచాను.

"ఎక్కండి!"

ఎవరరిచారా అని నేనే చుట్టూ చూశాను. సూపర్‌వైజరు నన్ను వింతగా చూస్తున్నాడు. నా గొంతు మాత్రం ఆగడం లేదు. "ఇంకా ఇరవై తొమ్మిదే! ఎక్కండి! నేను లెక్కపెడతాను, ఎక్కండి!"

కమ్మీ మీద చేతులు వదులయ్యాయి. మంచి కాలు పై మెట్టు మీదికి వెళ్లింది. "ఎనభై నాలుగు!" అని అరిచాను. ఒక్కో అంకెకూ నా ప్రాణం ఒక్కో మెట్టు పైకి పోతోంది. తొంభై దాటేసరికి గొంతు బొంగురుపోయింది. నూరు దగ్గర యార్డులో పనిచేసేవాళ్లు కూడా నాతో కలిసి లెక్కపెట్టారు. నూట పన్నెండు అన్నాక ఆయన గది తలుపు తీసుకుని లోపలికెళ్లి, తలుపు వేసుకున్నారు.

సూపర్‌వైజరు కాగితం మీద సంతకం పెట్టాడు. నేను కర్ర పట్టుకుని ఆ వేడి నేల మీదే కూలబడి, ఆపుకోకుండా ఏడ్చాను. కాసేపటికి నా తల మీద క్రేను కదిలింది.